ఆ మైఖేలు కట్నం ఎంత తీసుకున్నాడు?



గురువారం స్త్రీల కూడికలో జరిగిన సంగతి ఒకటి మీతో చెప్పాలి. ఊళ్లో ఉన్నవాళ్లలో కొందరికి ఇప్పటికే తెలిసే ఉంటుంది. శ్రీకాకుళంలో మాట నా బండి కంటే ముందే ఇళ్లకు చేరుతుంది. అయినా నా నోటితో నేను చెప్పుకోవాల్సింది కొంత మిగిలి ఉంది.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు అమ్మాయి ఒకతె సెలవుకి వచ్చింది. చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. పేరు 'రిడీమింగ్ లవ్'. రాసినామె ఫ్రాన్సీన్ రివర్స్ అనే అమెరికా రచయిత్రి. ఆమె మొదట మామూలు ప్రేమ నవలలే రాసేది. 1986లో ప్రభువును అంగీకరించాక, తన కొత్త విశ్వాసంతో రాసిన మొదటి నవల ఇది. 1991లో వచ్చింది. 1997లో దాన్ని దిద్ది, క్రైస్తవ ప్రచురణగా మళ్లీ వేశారు. 2022లో సినిమా కూడా తీశారు. "అయ్యగారూ, ఇది హోషేయ గ్రంథమే, కథగా రాశారు. మన ఆడవాళ్లకి చెప్పనా?" అని అడిగింది అమ్మాయి.

నేను వెంటనే సరే అనలేదు. మేము సెమినరీలో చదువుకునే రోజుల్లో ప్రేమ నవల అంటే పరుపు కింద దాచుకునే వస్తువు. మా అమ్మ యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' చదివేటప్పుడు మా నాన్న వస్తున్న అలికిడి వింటే దాని మీద కీర్తనల పుస్తకం పెట్టేది. మన క్రైస్తవ పుస్తకాల బల్ల మీద ప్రసంగాలుంటాయి, సాక్ష్యాలుంటాయి, పాటల పుస్తకాలుంటాయి. ప్రేమ కథ మాత్రం నాకెప్పుడూ కనబడలేదు. రెండు రాత్రులు నిఘంటువు పక్కన పెట్టుకుని కొంత చదివాను. చదివాక "చెప్పమ్మా, కానీ కొన్ని పేజీలు దాటేసి చెప్పు" అన్నాను. అమ్మాయి నవ్వింది.

సంఘ పెద్దల్లో ఒకాయనకి ఇది నచ్చలేదు. "ప్రార్థన మందిరంలో ప్రేమ కథలా?" అన్నారు. పరమగీతము ఎక్కడుందండీ అని అడిగాను. అది వేరు అన్నారు. వేరే ఎలా అయింది? పెండ్లికుమారుడు, పెండ్లికుమార్తె అని పిలుచుకునే ఆ పాటల్ని బైబిలులోంచి మనమెవరం తీసేయలేదు. చదవడానికి సిగ్గుపడి దాటేస్తున్నాం, అంతే.

ఇంకో మాట. మన ఊరివాళ్లకి దేవుణ్ణీ ప్రేమ కథనీ కలిపి చెప్పడం కొత్తేమీ కాదు. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళుతూ మన ఊళ్లో ఆగాడని, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద'లోనే ఉంది. మన ఊరి పేరు తెలుగు పుస్తకాల్లో నిలిచింది దానివల్లే. ఆ కథ గోదాదేవిది. స్వామికి కట్టిన పూలమాలను ముందు తాను వేసుకుని చూసుకున్న పిల్ల. ఆ పిల్లను శ్రీరంగనాథుడు పెళ్లి చేసుకోవడం. ఈ కథ నాకు చెప్పింది గుడి వీధిలో ఉండే రిటైర్డు తెలుగు మాస్టారు. అందులో మాలదాసరి కథ కూడా ఉందని, ఇచ్చిన మాట కోసం తనను తినబోయే రాక్షసుడి దగ్గరకే ఆ దాసరి తిరిగి వెళ్తాడని ఆయన చెబితే మన పెద్దలకి వచ్చి చెప్పాను. చాలా సంతోషించారు. ఆ విశ్వాసం వేరు, మనది వేరు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ మనిషికీ దేవుడికీ మధ్య ఉన్నదాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన పుస్తకంలోనూ పెళ్లే వచ్చింది, నా పుస్తకంలోనూ పెళ్లే వచ్చింది.

సరే, కూడికకు వస్తాను. మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. నాట్లకు వెళ్లొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని అలాగే వచ్చి కూర్చున్నారు. అమ్మాయి చక్కగా చెప్పింది. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని జనం ఎగబడిన కాలం, 1850. ఏంజెల్ అని అందరూ పిలిచే ఒక ఆడమనిషి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమెను అమ్మేశారు. మగవాళ్లు డబ్బిచ్చి వచ్చిపోయే ఇంట్లోనే పెరిగింది. మైఖేల్ హోషేయ అనే రైతు ఆమెను పెళ్లి చేసుకోవాలనుకుంటాడు. ఆమె నమ్మదు. దెబ్బలు తిని ప్రాణం మీదికి వచ్చిన స్థితిలో ఆమెను పెళ్లాడి తన పొలానికి తీసుకెళ్తాడు. ఆమె వెళ్లిపోతుంది. తీసుకొస్తాడు. మళ్లీ వెళ్లిపోతుంది. చివరిసారి వెళ్లినప్పుడు అతను వెతుక్కుంటూ వెళ్లడు, ఎదురుచూస్తాడు. ఏళ్లు గడిచాక ఆమే నడిచి వస్తుంది. వచ్చి, అంతవరకు ఎవరికీ చెప్పని తన అసలు పేరు అతనికి చెబుతుంది. సారా.

అక్కడ మన ఆడవాళ్లు ఒక్క క్షణం మాట్లాడలేదు. సారా అంటే ఎవరో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలు పుట్టరని తేల్చేసిన శరీరం, దానికి దేవుడిచ్చిన మాట. నవలలో ఏంజెల్‌దీ ఆ దుఃఖమే. పేరు ఒక్కటి చెబితే చాలు, కథంతా వెనక్కి తిరిగి వెలుగుతుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది అదే.

అప్పుడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒకావిడ అడిగింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. నాట్లు, కలుపు, కోత, ఏ పని దొరికితే ఆ పనికి వెళ్తుంది. "అమ్మాయ్, ఆ మైఖేలు కట్నం ఎంత తీసుకున్నాడు?"

అందరూ పగలబడి నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మా ఆవిడ నావైపు చూడలేదు.

హోషేయ మూడో అధ్యాయం తీసి చూడండి. నీ భార్యను మళ్లీ ప్రేమించు అని దేవుడు చెబుతాడు. అక్కడ గోమెరు పేరు లేదు కానీ, ఆమే అని ఎక్కువమంది వ్యాఖ్యాతలు తీసుకుంటారు. అప్పుడు ప్రవక్త ఆమెను కొనుక్కుంటాడు. తన భార్యనే. ఎంతకి? పదిహేను తులాల వెండి, ఏదుము యవలు. నిర్గమకాండంలో ఎద్దు పొడిచి ఒక దాసి చనిపోతే యజమానికి కట్టాల్సిన సొమ్ము ముప్పై తులాలు. అంటే ఇతను ఇచ్చిన వెండి అందులో సగం. మిగతాది గింజల్లో కొలిచాడు, బహుశా చేతిలో అంత డబ్బు లేదు అని సెమినరీలో మా గురువుగారు చెప్పేవారు. ఈ వివరణ మనకి చెప్పనక్కర్లేదు. సగం నగదు, సగం ధాన్యంగా బాకీ తీర్చడం మన కళ్లాల్లో ఎన్ని చూడలేదు! 'ఏదుము' అనే మాట ఈ కాలపు పిల్లలకి తెలియదు గానీ పెద్దవాళ్లని అడగండి. అయిదు తూములు. పుట్టిలో నాలుగో వంతు. మన బైబిలును తెలుగులోకి తెచ్చినవాళ్లు ఎక్కడో సమరయ దేశపు కొలతను తీసుకొచ్చి మన గాదె పక్కన పెట్టారు. యవలు కూడా గొప్ప ధాన్యమేమీ కాదు. అక్కడ బీదవాళ్లు తినేవి, పశువులకు వేసేవి. ఇంట్లో ఉన్నవి గోకి తెచ్చినట్టుంటుంది ఆ లెక్క.

ఇప్పుడు ఆవిడ ప్రశ్న మళ్లీ వినండి. ఈ కథలో ఎవరు ఎవరికి ఇచ్చారు?

రూతు గ్రంథంలోనూ యవలే. కళ్లం దగ్గర బోయజు ఆరు కొలలు కొలిచి రూతు కొంగులో పోస్తాడు, అత్త దగ్గరకు వట్టి చేతులతో వెళ్లొద్దని. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు గొర్రెలు కాశాడు. మోసపోయి ఇంకో ఏడేళ్లు కాశాడు. నిర్గమకాండము 22వ అధ్యాయంలో మగవాడు ఇవ్వాల్సిన సొమ్ముకి మన బైబిలు వాడిన మాట 'ఓలి'. ఆ మాట చదివితే మన సంఘంలోని ముసలివాళ్ల ముఖాలు చూడాలి. ఎందుకంటే మన కులాల్లో, ఇంకా చాలా తెలుగు కులాల్లో ఒకప్పుడు ఉన్నది ఓలే. పిల్లను చేసుకునేవాడు పిల్ల ఇంటికి ఇచ్చుకునేవాడు. ఓలి కూడా అమ్మకమే కదా, ఆడపిల్లకు ధర కట్టడమే కదా అని మీలో ఎవరైనా అంటే కాదనను. కానీ అది ఎటునుంచి ఎటు వెళ్లేదో చూడండి. నాలుగు అక్షరాలు వచ్చి, ఉద్యోగాలు వచ్చి, మనం కూడా పెద్దవాళ్లలా కనబడాలనుకున్నాక దాన్ని తిరగేశాం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. బైబిలు అంతకు ముందే మన చేతిలో ఉంది. రెండూ మనల్ని ఆపలేదు.

క్రీస్తు పెండ్లికుమారుడు, సంఘం పెండ్లికుమార్తె అని ప్రతి పెళ్లిలో చదువుతాను. ఎఫెసీయులకు ఐదో అధ్యాయం. ఆయన ఆమెకోసం తన్ను తానే అప్పగించుకున్నాడని పౌలు రాశాడు. ఈ పెళ్లి ఆ పెళ్లికి సాదృశ్యం అని చెబుతాను. ఒకసారి ఒక ఊళ్లో ఆ పేజీ తెరుచుకుని పందిట్లో రెండు గంటలు కూర్చున్నాను. మోటారు సైకిలు డబ్బుల్లో ఇంకా కొంత తగ్గిందని పెళ్లికొడుకు విడిది నుంచి కదల్లేదు. పిల్ల తండ్రి ఎవరి కాళ్లో పట్టుకుని తెచ్చి ఇచ్చాడు. అప్పుడు ప్రార్థన చేశాను. ఆ పెళ్లి ఏ పెళ్లికి సాదృశ్యమో నన్నడగకండి.

నేను ఆ పెళ్లికొడుకును తప్పుపట్టలేకపోయిన కారణం చెబుతాను. మీలో చాలామందికి తెలియదు.

నా పెళ్లి 2008లో అయింది. సెమినరీ డిప్లొమా చేతికొచ్చింది, సంఘం ఇంకా లేదు. మా మామగారిది దివిసీమ. ఆయనకు ఉన్నది ఎకరం. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఉప్పుపట్టిపోయిన ఆ చేనును ఆయన తండ్రి నీళ్లు పెట్టి, కడిగి, మళ్లీ పండే నేల చేశాడట. అందులో అర ఎకరం అమ్మి మాకు ఇచ్చారు. దాన్ని మేము కట్నం అనలేదు. దైవసేవకుల ఇంట ఆ మాట బాగుండదు కదా. 'కానుక' అన్నాం. నేను అడగలేదు అని పద్నాలుగేళ్లు చెప్పుకున్నాను. నిజమే, నేను అడగలేదు. మా నాన్న అడుగుతుంటే పక్క గదిలో కూర్చుని విన్నాను. ఆ డబ్బుతో మా చెల్లి పెళ్లికి ఇవ్వాల్సిన 'కానుక' ఇచ్చాం. ఆ తర్వాత హోషేయ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. షరతులు లేని ప్రేమ అనేది నాకు బాగా నప్పే అంశం అని కూడా కొందరన్నారు.

ఆ గురువారం రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడను అడిగాను, "ఆ ప్రశ్నకి నువ్వెందుకు తల దించుకున్నావు?" అని. ఆమె గిన్నెలు సర్దుతూ, "ఆ అర ఎకరం ఇప్పుడు ఎవరు చేస్తున్నారో తెలుసా?" అంది. తెలియదన్నాను. "నాన్నే. కౌలుకి. కొన్నవాళ్లకి ఏటా బస్తాలు కొలిచి ఇస్తున్నాడు."

పద్నాలుగేళ్లుగా పండక్కి వెళ్లి ఆ గట్టు మీద నడిచి వచ్చాను. అది వాళ్లదే అనుకున్నాను.

ఆ వారమంతా నవలను మళ్లీ చదివాను. ఈసారి నాకు కొన్ని నచ్చలేదు, అవీ చెబుతాను. మైఖేలు మరీ మచ్చలేనివాడు. దేవుడు అతనితో పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా మాట్లాడతాడు, అతను చేస్తాడు. మా అమ్మ చదివిన నవలల్లో హీరోకి కారు ఉండేది, ఇతనికి పరిశుద్ధత ఉంది. పెళ్లికాని ఆడపిల్లలు ఇది చదివి ఇలాంటి భర్త కోసం ప్రార్థన చేస్తూ కూర్చుంటారేమో అని భయం. చదివిన మగవాళ్లు తామే మైఖేలు అనుకుంటారేమో అని ఇంకా పెద్ద భయం. మైఖేలు గుర్తు. దేవుడు మనల్ని ఎలా ప్రేమించాడో చెప్పడానికి ఒక రచయిత్రి చేసుకున్న బొమ్మ. ఆ చొక్కా దేవుడికి సరిపోతుంది. మాకు తొడిగితే మోకాళ్ల దాకా వేలాడుతుంది.

దీన్ని తిరగేసి వాడిన పాపం కూడా నాదగ్గర ఉంది. భర్త తాగొచ్చి కొడుతున్నాడని ఒక సహోదరి ఏడుస్తూ వచ్చినప్పుడు, "హోషేయలా ప్రేమించమ్మా, షరతులు పెట్టకు" అని చెప్పి పంపాను. ఒకసారి కాదు. ఆ కథలో హోషేయ ఇంటి యజమాని. చేతిలో వెండి ఉన్నవాడు, గింజలు ఉన్నవాడు, ఊళ్లో పరువు ఉన్నవాడు. వంగినవాడు అతను. నేనేమో దెబ్బలు తింటున్న మనిషిని ఇంకా వంగమన్నాను. అదే గ్రంథం రెండో అధ్యాయంలో, ఇకమీదట నన్ను బయలు అని పిలవొద్దు అని దేవుడే ఇశ్రాయేలుకు చెబుతాడు. ఆ మాటకు వాళ్ల భాషలో యజమాని అనే అర్థం. విగ్రహం పేరు పోవాలన్నది ఒకటి. తనను యజమానిగా కాదు, పెనిమిటిగా పిలవమన్నది ఇంకొకటి. దేవుడే వద్దన్న పెద్దరికాన్ని మన మగవాళ్ల చేతిలో పెట్టి, దానికి లోబడమని ప్రసంగించాను.

ఆ సహోదరి ఇంటికి మా ఆవిడా నేనూ వెళ్లాం. తప్పు చెప్పానమ్మా అన్నాను. కొట్టినప్పుడు పుట్టింటికి వెళ్లడం పాపం కాదని, మళ్లీ ఆ ఇంటికి రావాలా వద్దా అన్నది అతను చెయ్యి ఆపాకే మాట్లాడదామని, అతనితో పెద్దలం మేము మాట్లాడతామని చెప్పాం. మైఖేలు కూడా చివరకు వెంటపడటం మానేసి ఆమె అడుగు కోసం ఆగాడు కదా. ఎంత ప్రేమించినా ఆమె కాళ్లు ఆమెవే అని ఒప్పుకున్నాడు. ఆవిడ నా మాట పూర్తిగా నమ్మినట్టు లేదు. నమ్మడానికి నేను ఆమెకు కారణమేమీ ఇవ్వలేదు ఇంతకాలం.

ఇక మా సంగతి. అర ఎకరం తిరిగి కొనే శక్తి మాకు లేదు. ఈనాటి ధర అడిగి వచ్చాను, అడిగి ఊరుకున్నాను. కోతల పండుగలో మీరు మా కుటుంబం కోసం ప్రేమతో ఇచ్చే ధాన్యం ఉంది కదా, అందులో ఐదు బస్తాలు పక్కన పెట్టాం. మీరిచ్చింది ఎక్కడికి వెళ్లిందో మీకు తెలియాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను. సంఘం డబ్బు ఒక్క రూపాయి ముట్టుకోలేదు. మా ఆవిడ కుట్టుమిషను మీద వచ్చిన డబ్బుతో ఆటో మాట్లాడుకుని, చల్లపల్లి, మోపిదేవి దాటి దివిసీమలోకి వెళ్లాం. ఆ అర ఎకరం కౌలులో ఈ ఏటికి ఇంత మేము కొలుస్తాం, ఏటేటా కొలుస్తాం అని చెప్పడానికి దారంతా మాటలు వెతుక్కున్నాను. ప్రసంగానికి అంత వెతుక్కోను.

మామగారు వాకిట్లోనే ఉన్నారు. ఆటోలోంచి బస్తాలు దిగుతుంటే చూస్తూ నిలబడ్డారు. "ఏంటి అల్లుడుగారూ ఇవి? ఎవరైనా బాకీ ఉన్నారా?" అన్నారు. వెతుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు నాకు.

మా ఆవిడ అంది, "ఓలి, నాన్నా. ఆలస్యమైంది."

ఆయన నవ్వలేదు, ఏడవలేదు. ఒక బస్తా మూతి విప్పి, నాలుగు గింజలు తీసి, ఒకటి పంటికింద వేసి కొరికారు. "తేమ ఉంది," అన్నారు. "ఇంకో రెండెండలు పడాలి. పట్టా పరవండి."